చిట్టీల సారు బిళ్ళల బోర్డు

నొప్పికి పదికి ఎన్ని మార్కులు వేస్తారని అడిగింది ఆ అమ్మాయి.

తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ల ఎదురుగా కొత్తగా ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టారు. నెల రోజులుగా నా కుడి భుజం పైకి లేవడం లేదు. ఊరందరి భుజాలూ తిప్పి తిప్పి రిటైరైనదాన్ని, నా భుజం తిప్పించుకోవడానికి టోకెన్ తీసుకుని వరసలో కూర్చున్నాను. అమ్మాయి చేతిలో పలకంత కంప్యూటరు. పేరు, వయసు, ఫోను నంబరు అన్నీ వేలితో నొక్కేసి, "సున్నా అంటే నొప్పి లేదు ఆంటీ, పది అంటే భరించలేం. మీది ఎంత?" అంది. ఆలోచించి ఆరు అన్నాను. అనగానే నాకు నవ్వొచ్చింది.

నేను పనిచేసిన మొదటి ఆసుపత్రిలోని చిట్టీల సారు వింటే ఊరుకునేవాడా? "ఆరు అంటె ఏందమ్మా? గుంజుతదా, సలుపుతదా, పొడుస్తదా? ముందు గది రాయి" అనేవాడు. రాసి తల ఎత్తేసరికి రెండో ప్రశ్న సిద్ధంగా ఉండేది. "దినం రాసినవా?" అనేవాడు. ఈ అమ్మాయి తేదీ రాయలేదు. అడిగితే, మిషనే వేసుకుంటుంది ఆంటీ అంది.

డెబ్బైల మొదటి రోజులవి. పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీల గోడలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. నిన్నటిదాకా నాగలి పట్టినవాళ్లు ఇవాళ ప్రెస్సు మిషను ముందు నిలబడుతున్నారు. చేతులు విరగడం, వేళ్లు నలగడం మామూలైపోయింది. మా ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగమంటే రేకుల కప్పు వేసిన ఒక పొడుగాటి గది. గోడకు బిగించిన ఇనుప చక్రం, కప్పీ మీద తాడు, ఒక ఎర్ర దీపం, ఒక కరెంటు పెట్టె. అంత పొడుగు ఇంగ్లీషు పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు. అందరూ "కసరత్ రూము" అనేవారు. హైదరాబాదులో చదువు ముగించుకుని వచ్చిన కృష్ణా జిల్లా పిల్లను నేను. ఆ గదికి డాక్టరమ్మనూ నేనే, బంట్రోతునూ నేనే. పేషెంట్ల కార్డులు ఒక రేకు పెట్టెలో పేర్ల వరసన పెట్టుకునేదాన్ని. అదే గొప్ప పద్ధతి అనుకునేదాన్ని.

చిట్టీల సారు మొదట నా పేషెంటు. యాభై ఏళ్లుంటాయి. ఫ్యాక్టరీ టూల్ రూంలో పనిముట్లు ఇచ్చి పుచ్చుకునే ఉద్యోగం. తిరుగుతున్న మిషను బెల్టు చొక్కా చేతిని లాక్కుంటే కుడి భుజంలో నరాలు తెగిపోయాయి. వేళ్లు కొద్దిగా కదిలేవి కానీ చెయ్యి లేచేది కాదు, పక్కన వేలాడుతూ ఉండేది. రోజూ సంగారెడ్డి నుంచి బస్సులో వచ్చేవాడు. ఇస్త్రీ చొక్కా, గుండీలన్నీ మెడదాకా పెట్టి ఉండేవి. దీపం కింద కూర్చోవడానికి విప్పిన చొక్కా మళ్లీ తొడుక్కోవడానికి ఆయనకు పది నిమిషాలు పట్టేది. ఎవరైనా గుండీ పెట్టబోతే "ఉండు ఉండు" అని ఆపేసి, ఎడం చేత్తో, పళ్లతో తంటాలు పడేవాడు. మేమంతా ఎటో చూస్తున్నట్టు నటించేవాళ్లం.

ఒక్క అలవాటు మాత్రం నాకు కోపం తెప్పించేది. ఎవరికీ నమస్కారం పెట్టేవాడు కాదు. సూపరింటెండెంటు రౌండుకు వస్తే నడవలేనివాళ్లు కూడా చేతులు జోడించేవారు. ఒక చెయ్యి కట్టులో ఉన్నవాళ్లు రెండో చెయ్యి ఎత్తి సలాం కొట్టేవారు. ఈయన లేచి నిలబడేవాడు, తల ఆడించేవాడు, గోడకేసి చూసేవాడు. అంతే. "ఏం చూసుకుని ఆ పొగరు?" అన్నాడు ఒకసారి సూపరింటెండెంటు నాతో. నేను కాదనలేదు. నాకూ అలాగే అనిపించేది.

ఇక నా తప్పు సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఆయన బోర్డు సంగతి అర్థం కాదు.

ఆ చుట్టుపక్కల ఊళ్లలో రాయి విసిరితే ఎవరో ఒక నర్సింలుకు తగులుతుంది. ఒకరోజు పొద్దున బెంచీ మీద ఇద్దరు నర్సింలు కూర్చున్నారు. నాకా సంగతి తెలియదు. పెట్టెలోంచి కార్డు తీసి "నర్సింలూ!" అని పిలిచాను. ఒకతను లేచి వచ్చాడు. పాతికేళ్ల మనిషి, బక్కగా ఉన్నాడు. ఏ చెయ్యి అంటే కుడి చెయ్యి అన్నాడు. కార్డులోనూ కుడి భుజమే. ఏడాదిగా బిగుసుకుపోయిన భుజం, బలంగా సాగదీయాలని రాసి ఉంది. సాగదీశాను. అతను పళ్లు బిగించాడు. నుదుటి మీద చెమట పట్టింది. నొప్పిగా ఉందా అంటే "కానియ్యమ్మా" అన్నాడు. మరికాస్త ఎత్తాను. లోపల ఏదో జరిగినట్టు నా వేళ్లకు తెలిసింది.

అతన్ని పంపించాక, బెంచీ చివర కూర్చున్న ఇంకొకాయన లేచి వచ్చాడు. "అమ్మా, నేను నర్సింలును. నన్ను పిలువకపోతివి?" అన్నాడు.

బయటికి పరుగెత్తి మొదటి నర్సింలును గేటు దగ్గర పట్టుకున్నాను. అతని భుజం కింద ఎముక విరిగి, అప్పుడప్పుడే అతుక్కుంటోంది. ఆ వారమే కట్టు విప్పారు. మెల్లగా ఊపడం తప్ప ఎత్తకూడని చెయ్యి అది. ఎక్స్‌రే తీస్తే ఎముక మళ్లీ జరిగింది. మళ్లీ ఆరు వారాలు కట్టు.

"నీది ఈ చికిత్స కాదని తెలుసుగా? ఎందుకు చెప్పలేదయ్యా?" అని ఏడుపు గొంతుతో అరిచాను.

"డాక్టరమ్మ పేరు వెట్టి పిలిచినంక లేవకుంటె ఎట్లమ్మా?" అన్నాడు నర్సింలు. నన్ను నొప్పించానేమోనని భయపడుతున్నట్టు అన్నాడు.

గదిలో అందరూ వెళ్లిపోయాక చిట్టీల సారు, అప్పటికింకా ఆ పేరు రాలేదు, గుండీలు పెట్టుకోవడం ముగించి నా బల్ల దగ్గరకు వచ్చాడు.

"అమ్మా, ఒక మాట. మా టూల్ రూంల ఎవడన్న వచ్చి స్పానర్ గావాలె అంటె ఇయ్యం. ఏ స్పానర్ అంటం. బిళ్ళ తెచ్చినవా అంటం. సామాను బయటికి పోతె బిళ్ళ గోడ మీది మొలకు ఉంటది. సామాను వాపస్ వస్తె బిళ్ళ మనిషి చేతికి పోతది. నేనున్నన్ని ఏండ్లు ఒక్క స్పానర్ గాయబ్ కాలే. మీ తాన మనుషులు గాయబైతున్నరు."

నాకు ఒళ్లు మండింది. మనుషులు స్పానర్లా అన్నాను.

"స్పానర్లకున్న ఫికర్ గూడ మనుషులకు లేకపాయె గదా" అని వెళ్లిపోయాడు.

మూడో రోజు పొద్దున ఒక పెద్ద చెక్క పలకను ఎడం చంకలో ఇరికించుకుని బస్సు దిగాడు. వెనకే టూల్ రూం మిత్రుడొకడు సంచీ మోసుకొచ్చాడు. సంచీలో రేకు బిళ్ళలు. ఒక్కో దానికి చిల్లు, చెక్కిన నంబరు. పలక మీద మూడు వరసల మేకులు. పైవరస ఇవాళ రావలసినవాళ్లది. మధ్యవరస వచ్చినవాళ్లది. కిందివరస రావలసి ఉండీ రానివాళ్లది. పేషెంటు వచ్చి తన బిళ్ళ తానే తీసి మధ్యవరసకు తగిలిస్తాడు. నేను వరసగా బిళ్ళ చూసి, అదే నంబరున్న కార్డు తీస్తాను. పేరుతో పిలిచే పనే లేదు. సాయంత్రం పైవరసలో మిగిలిన బిళ్ళలు కిందికి దిగుతాయి.

గదిలో ఎవరు రాలేదో ఒక్క చూపులో తెలిసిపోవడం నాకు అదే మొదటిసారి. అంతకు ముందు రానివాళ్లు నా లెక్కలో ఉండేవారే కాదు. వచ్చినవాళ్ల కార్డులే కదా నేను తీసేది.

ఆ నెలలోనే ఆయన కార్డు మూసేశాను. ఎనిమిది నెలలు కరెంటు పెట్టినా భుజంలో చలనం రాలేదు. "ఇక మెరుగుపడే అవకాశం లేదు" అని రాసి సంతకం చేశాను. దాని మీద ఫ్యాక్టరీవాళ్లు ఆయనకు తేలిక పని ఇవ్వాలి. మా గదికి కార్డులు చూసుకునే మనిషి కావాలని నేనే సూపరింటెండెంటు చుట్టూ తిరిగి, ఇటు ఆయన్నీ అటు ఫ్యాక్టరీవాళ్లనీ ఒప్పించి, సారును మా దగ్గరికే పంపేలా చేశాను. పెద్ద మేలు చేశానని మురిసిపోయాను. ఆసుపత్రి చీటీని అక్కడ చిట్టీ అంటారు. ఆ రోజు నుంచి ఆయన చిట్టీల సారు.

ఎడం చేత్తో నేర్చుకున్న రాత. అక్షరాలన్నీ గాలికి ఒరిగినట్టు ఒక పక్కకు వాలి ఉండేవి. తేదీ లేని కాగితం కనబడితే ఆయనకు ఆ పూట అన్నం సహించదు. ఒకసారి నేను విసుగెత్తి, ఇవాళ రాసింది ఇవాళ్టిదే కదా సారూ అన్నాను. "ఇయ్యాల నీకు ఎర్క. రేపు చూసెటోనికి ఎట్ల ఎర్కైతది?" అన్నాడు.

బోర్డుతో చిక్కు రాకపోలేదు. "మేమేమన్న పసులమా, నంబర్లు ఏస్తున్నరు?" అని ఒక ముసలమ్మ జగడం పెట్టుకుంది. అంకెలు రానివాళ్లు చేతికందిన బిళ్ళ తగిలించి కూర్చునేవారు. మళ్లీ గందరగోళం. సారు తల గీరుకునేవాడు కానీ దారి దొరకలేదు.

దారి నర్సింలు వల్ల దొరికింది. రెండోసారి కట్టు విప్పాక అతను నాలుగు రోజులు వచ్చాడు. తర్వాత అతని బిళ్ళ కిందివరసలోకి దిగింది, అక్కడే ఉండిపోయింది.

"మూడు దినాలాయె. వాళ్ల ఊరు ఇంద్రేశం పోదాం పా" అన్నాడు సారు.

"మీరు వెళ్లిరండి సారూ, నాకు పేషెంట్లున్నారు" అన్నాను. అబద్ధం. అతని మొహం చూడాలంటే నాకు భయం.

"ఆ దినం తప్పు నీదొక్కదానిదే గాదు, పేర్లది గూడ. గాని పోయి అడగవలసింది మాత్రం నువ్వే" అన్నాడు. అప్పటికే బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు.

నడిచే వెళ్లాం. మిట్టమధ్యాహ్నం నర్సింలు ఇంటికి చేరేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల చీకట్లో తల్లి ముద్దలు కలిపి కొడుకు నోట్లో పెడుతోంది. మమ్మల్ని చూసి అతను మొహం తిప్పేసుకున్నాడు. ఎడం చేత్తో తినడం వాళ్లింట్లో పనికిరాదట. మొదట్లో అరుగు మీదే తినిపించేదట తల్లి. చూసినవాళ్లు నవ్వుతున్నారని ఇప్పుడు తలుపేసుకుంటున్నారు.

"నేనిగ రానమ్మా. మల్ల ఇరుగుతది" అన్నాడు గోడతో చెప్పినట్టు.

నేను గడప దగ్గరే కూర్చుండిపోయాను. "నర్సింలూ, ఆ రోజు నేను చూసుకోలేదు. తప్పు నాది. నీ చెయ్యి నాకు ఇంకొక్కసారి ఇవ్వు" అన్నాను. తల్లి ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయింది.

అప్పుడు సారు అతని పక్కన చేరగిలబడి అడిగాడు. "చెయ్యి మంచిగైతె మొట్టమొదలు ఏం పని జేస్తవ్ రా? డ్యూటీ సంగతి గాదు. నీకోసం."

నర్సింలు తల్లి చేతిలోని ముద్దకేసి చూస్తూ అన్నాడు. "నా ముద్ద నేను వెట్టుకుంట సారూ."

సారు జేబులోంచి బిళ్ళ తీశాడు. మోకాలి కింద తొక్కిపట్టి, ఎడం చేత్తో మేకు పట్టుకుని నంబరు పక్కన ఒక గుండ్రం గీశాడు. "గిది నీ ముద్ద. రేపు వచ్చి నువ్వే తీసుకో" అన్నాడు.

మర్నాడు నర్సింలు వచ్చి, అన్ని బిళ్ళల్లో తన గుండ్రాన్ని వెతుక్కుని మధ్యవరసకు తగిలించుకున్నాడు. అంకెలు రాని మనిషి!

వారం తిరిగేసరికి బిళ్ళలన్నిటి మీదా బొమ్మలు వచ్చాయి. ప్రతి కార్డు మీద సారు "పని" అని ఒక గడి గీశాడు. ఎవరు వచ్చినా అదే ప్రశ్న. సైకిలు గంట కొట్టాలన్నవాడికి గంట, తల దువ్వుకోవాలన్న అమ్మకు దువ్వెన, మనవణ్ని చంకనెత్తుకోవాలన్న ముసలమ్మకు ఒక పెద్ద తలకాయ పక్కన చిన్న తలకాయ. నంబర్లేమిటని జగడమాడింది ఆమే. ఒకడు, చెయ్యి లేస్తే ముందు మా బామ్మర్ది చెంప పగలగొట్టాలె అన్నాడు. సారు మారు మాట్లాడకుండా అయిదు వేళ్ల అరచెయ్యి గీసి ఇచ్చాడు. బాగయ్యాక ఆ బామ్మర్దే అతనికి తోడుగా వచ్చాడు. అంతా చూస్తుండగా, ఇతను బామ్మర్ది వీపు మీద ఒక్కటి చరిచి నవ్వేశాడు. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద డాక్టరు, చెయ్యి ఎన్ని డిగ్రీలు లేచిందో మీరు రాయరా అని అడిగాడు. అది కార్డు వెనక వైపు ఉండేది. ముందు వైపు మాత్రం పనిదే. ఇవాళ క్లినిక్‌లో ఆ అమ్మాయి ఇదే ప్రశ్న అడిగి ఉంటే, నా జడ నేను వేసుకోవాలని చెప్పి నేనూ జడ గీయించుకునేదాన్ని.

పని అందరి ముందూ చేసి చూపించాలి. చూపిస్తే చిట్టీ బందు. బిళ్ళ ఇంటికి తీసుకుపోవచ్చు. రూలు ఒక్కటే. రెండో చెయ్యి ముట్టకూడదు.

నర్సింలుకు నాలుగు నెలలు పట్టింది. ఒకరోజు తల్లి గిన్నెలో జొన్నబువ్వ, పప్పు తెచ్చింది. అతను ముద్ద చేసి, వణుకుతూ ఎత్తి, నోట్లో పెట్టుకున్నాడు. నేను చప్పట్లు కొట్టబోయాను.

"మూతి కిందికొచ్చింది. చెయ్యి మీదికి పోలే. లెక్కకు రాదు" అన్నాడు సారు.

నాకు ఆయన్ను కొట్టాలనిపించింది. నర్సింలు మాత్రం తల ఊపి, బిళ్ళ మళ్లీ పైవరసకు తగిలించి వెళ్లాడు. పదహారు రోజులు వరసగా వచ్చాడు. పదిహేడో రోజు గోడకు తల ఆనించి కూర్చున్నాడు, తల వంగకుండా. చెయ్యి లేచింది. గడ్డం దగ్గర ఆగింది. మళ్లీ లేచింది. ముద్ద నోట్లోకి వెళ్లింది. రెండో ముద్ద తల్లి నోట్లో పెట్టాడు. సారు కార్డు మీద ఏదో రాస్తూ, "దినం ఎంతమ్మా ఇయ్యాల?" అన్నాడు. గోడ మీద క్యాలెండరు ఆయన ఎదురుగానే ఉంది.

ఒకసారి సరదాకి, అందరికీ గీస్తారు, మీ బిళ్ళ ఏది సారూ అని అడిగాను. "నా చిట్టీ నువ్వే బందు జేస్తివి గదమ్మా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ మాట నాకు తగలలేదు. తగలవలసింది.

ఆరేళ్ల తర్వాత నాకు హైదరాబాదు బదిలీ అయింది. ఆఖరి రోజు గది నిండా జనం. బంతిపూల దండ వేశారు. ఒక్కొక్కరే వచ్చి చేతులు జోడించి వెళ్లారు. నర్సింలు కూడా వచ్చాడు, రెండు చేతులూ నుదుటిదాకా ఎత్తి మొక్కాడు. సారు బోర్డు పక్కన నిలబడి ఉన్నాడు. నా దగ్గరకు రాలేదు. చివరి రోజు కూడానా అని మనసులో చివుక్కుమంది.

అందరూ వెళ్లాక "అమ్మా, ఒక్క నిమిషం" అన్నాడు. చొక్కా జేబులోంచి ఒక బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. అంచులు అరిగి నునుపెక్కిన పాత బిళ్ళ. మొదటి సంచీలోదే. దాని మీద పైన కలిసిన రెండు ఏటవాలు గీతలు.

"ఇల్లా సారూ?" అన్నాను.

"చేతులు."

ఎడం చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, దాన్ని మెల్లగా గుండె దాకా ఎత్తాడు. గుండీకి ఆనించి వదిలి, గబుక్కున ఎడం అరచెయ్యి దానికి చేర్చాడు. కుడిచెయ్యి జారిపోయింది. "ఉండు ఉండు" అన్నాడు, నేను ముందుకు కదిలితే. మళ్లీ ఎత్తాడు. ఈసారి రెండు అరచేతులూ ఒకటిగా కాసేపు నిలిచాయి. వంకర తిరిగిన వేళ్లు, తిన్నగా ఉన్న వేళ్లు. నా కళ్లలోకి చూస్తూ తల వంచాడు.

"చెయ్యి దానంతట ఎక్కలే. నేనే ఎక్కిచ్చిన. గిది లెక్కకొస్తదా అమ్మా?"

"వస్తుంది సారూ" అన్నాను.

"రాదు. రెండో చెయ్యి ముట్టింది" అన్నాడు. నర్సింలుకు చెప్పిన గొంతుతోనే చెప్పాడు.

ఒంటి చేత్తో సలాం కొట్టడం ఇష్టం లేక, రెండు చేతులూ కలవక, అన్నేళ్లూ గోడకేసి చూసిన మనిషి ఆయన. అదే పొగరనుకున్నాను. ఆ చెయ్యి లేవదని రాసి సంతకం పెట్టిన నేనే అనుకున్నాను. గదిలోకి వచ్చిన ప్రతి మనిషినీ ఆయన ఒక ప్రశ్న అడిగాడు. ఆయన్ను అది ఎవరూ అడగలేదు. పక్క బల్ల దగ్గర ఆరేళ్లు కూర్చున్నదాన్ని, నేనూ అడగలేదు. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

రేకు పెట్టె అడుగున మూసేసిన కార్డుల కట్ట ఉంది. విప్పి ఆయనది వెతికాను. "ఇక మెరుగుపడే అవకాశం లేదు." నా అక్షరాలు, నా సంతకం. దాని మీద అడ్డంగా గీత కొట్టేశాను. ఆ పాత కార్డుకు పని గడి లేదు. ఖాళీలో గీసి, నమస్కారం అని రాశాను. మర్నాటి నుంచి నా కుర్చీలో కూర్చునే కొత్త డాక్టరు ముందుగా చూసేలా అన్నిటికంటే పైన పెట్టాను.

సారు వంగి కార్డు చదివాడు.

"దినం?" అన్నాడు.

కార్డు మళ్లీ తీసి తేదీ వేశాను. ఆయన బల్ల మీది బిళ్ళ తీసుకుని వెళ్లి, పైవరసలో, రావలసినవాళ్ల మేకుకు తగిలించాడు.